ఏ వైరుకు ఏ పిన్ను?

మన హాస్టళ్లలో టీవీ బొమ్మ చెదిరితే మొదట డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతాం. చాలాసార్లు లోపం డాబా మీద ఉండదు, టీవీ వెనక ఉంటుంది.

చేపముల్లులాంటి ఆ పాత యాంటెన్నాను యాగి అంటారు. 1926లో జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు దాన్ని రూపొందించారు. దాని మడత కడ్డీకీ, రెండు తీగల పట్టీ వైరుకూ ఇంపెడెన్స్ 300 ఓంలు. టీవీ వెనక గుండ్రటి రంధ్రానిది 75 ఓంలు. రెంటినీ నేరుగా కలిపితే, లెక్క ప్రకారం సంకేత శక్తిలో 36 శాతం వెనక్కి మళ్లుతుంది. అందుకే మధ్యలో బాలన్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. దాని చుట్ల నిష్పత్తి 2:1. ఇంపెడెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 4:1 అవుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఇదే!

దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నింటినీ మూసివేసింది. అయినా ఆ పట్టీ వైరును పారేయకండి. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అందులో సగం, అంటే దాదాపు మీటరున్నర ముక్క కోసి, రెండు చివర్లలోనూ తీగలను కలిపి, ఒక తీగను మాత్రం నడిమధ్య తెంచండి. అక్కడి నుంచి అదే వైరును స్టీరియో వెనక 300 ఓంల మరలకు బిగిస్తే చాలు. గుండ్రటి రంధ్రమే ఉంటే మళ్లీ బాలన్ కావాలి.

డిష్ సంగతి వేరు. దాని వైరు టీవీ యాంటెన్నా రంధ్రంలో పట్టేలా పిన్నులు బజార్లో దొరుకుతాయి, కానీ బొమ్మ రాదు. డిష్ నుంచి దిగే సంకేతం 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌లది. పైగా అదే వైరులో బాక్సు నుంచి 13 లేదా 18 వోల్టులు పైకి పోతాయి. కనుక డిష్ వైరు బాక్సుకే పెట్టాలి. బాక్సు నుంచి పసుపు పిన్ను టీవీకి, తెలుపు ఎరుపు పిన్నులు స్టీరియో ఆక్స్‌కు పెట్టుకోవచ్చు. స్పీకర్ల రంధ్రాల్లో మాత్రం పెట్టకూడదు.

ఇదంతా ఎందుకంటే, 2020లో హాస్టళ్లు మూసినప్పుడు మన ఇళ్లలో చాలాచోట్ల ఒక్కటే ఫోను, అదీ నాన్నతో పనికి పోయేది. స్వయంప్రభ పాఠాలు మాత్రం 2017 నుంచి డీడీ ఫ్రీడిష్‌లో నెల బిల్లు లేకుండా వస్తున్నాయి. పిన్ను ఊడిందని పాఠం పోగొట్టుకోవడమా?

పిన్ను బిగించే ముందు బాక్సు స్విచ్ ఆపండి. వైరు చుట్టూ ఉన్న జాలీలో ఒక్క పోగు నడిమి రాగితీగకు తగిలినా సంకేతం రాదు. వేలితో తడిమి చూసి, ఆ తర్వాతే మర తిప్పండి.