కొత్త రౌటరు బిగించేటప్పుడు కార్యదర్శి చూడవలసినవి

పాలసేకరణ కేంద్రంలో తూకం, వెన్న శాతం కంప్యూటరులోకి ఎక్కిన తర్వాత ఆ లెక్క యూనియన్ కార్యాలయానికి చేరేది రౌటరు అనే చిన్న పెట్టె ద్వారానే. అది పనిచేయకపోతే పాల బిల్లు ఆలస్యమవుతుంది. వందలాది సంఘాలలో ప్రతి పెట్టె దగ్గరకూ ఇంజనీరును పంపడం అయ్యే పని కాదు. ఎస్.డి.వాన్ పద్ధతిలో అమరిక అంతా ఒకేచోట వ్రాసి వుంచుతారు. పెట్టె తనంతట తానే తెచ్చుకుంటుంది.

2017లో సిస్కో కంపెనీ కొన్న వైప్టెలా వారి పద్ధతినే తీసుకుందాం. ఫ్యాక్టరీలోనే పెట్టెలో దాని గుర్తింపు ధ్రువపత్రం పెడతారు. కేంద్ర కార్యాలయం ఆ పెట్టె నంబరును జాబితాకెక్కించి, ఫలానా సంఘం అమరికను దానికి జతచేస్తుంది. గ్రామంలో ఇంటర్నెట్ తీగను చెప్పిన పోర్టులో పెట్టి కరెంటు ఇస్తే చాలు. పెట్టె ఇంటర్నెట్ లైను నుండి చిరునామా తీసుకుని, తయారీదారు సర్వరును పిలిచి తాను ఎవరిదో అడుగుతుంది. ఆ సర్వరు మన సంస్థ వాకిట కాపలా వున్న సర్వరుకు దారి చూపుతుంది. అక్కడ తనిఖీ రెండువైపులా జరుగుతుంది. పెట్టె పత్రాన్ని సంస్థ చూస్తుంది, సంస్థ పత్రాన్ని పెట్టె చూస్తుంది. సంస్థ పేరు కలిసి, నంబరు జాబితాలో వుంటేనే అమరిక దిగుతుంది. శీతల కేంద్రంలో క్యాను మీది సంఘం నంబరు చూసి పాలు దించుకోవడం వంటిదే ఇది.

ఇక్కడే ఒక మెలిక వున్నది. పత్రం ఇది ఏ పెట్టో చెబుతుంది గాని, ఏ వూళ్ళో వున్నదో చెప్పదు. జీపులో రెండు పెట్టెలు తారుమారై పక్క వూరిది మీ దగ్గర దిగిందనుకోండి. దీపాలన్నీ సక్రమంగానే వెలుగుతాయి, కాని దానిలోకి వచ్చేది పక్క వూరి అమరిక. మీ కంప్యూటరు దానితో మాట్లాడలేదు. తప్పెక్కడో తెలియక పాలపూట గడిచిపోతుంది. కనుక కరెంటు ఇవ్వకముందే చీటీ మీది నంబరును కేంద్రం పంపిన కాగితంతో సరిచూసి, ఫోనులో చదివి వినిపించండి. ఇంగ్లీషు 'బి' అక్షరాన్ని 8 అని చదవడం మామూలే.

నంబరును 'స్టేజింగ్' స్థితిలో వుంచితే పెట్టె కేంద్రానికి హాజరు పలుకుతుంది గాని, లెక్కలు దాని గుండా పోవు. మీ ఫోను అందిన తర్వాతనే కేంద్రం వారు 'వాలిడ్'గా మార్చడం ఉత్తమమని మా అభిప్రాయం. ఆలస్యమంటారు కొందరు, ఉదయం పూట వరుసలో రైతులు నిలబడడం కంటే నయమే గదా!

పెట్టె దొంగతనానికి గురైతే ఆ రోజే తెలపండి. జాబితాలో దానిని చెల్లనిదిగా మార్చేవరకు అది ఎక్కడ బిగించినా మన పెట్టెగానే లోపలికి వస్తుంది.

ధ్రువపత్రానికి గడువు కూడా వుంటుంది. 2023 మే 9న వీఎడ్జ్ రకం కొన్ని పెట్టెలలో ఫ్యాక్టరీ పత్రం గడువు తీరింది. నడుస్తున్నవాటిని ఆపి మళ్ళీ వేయవద్దని కంపెనీయే చెప్పవలసి వచ్చింది. ఆపితే తిరిగి తనిఖీలో నెగ్గవు. లైను పోగానే స్విచ్చి ఆర్పి వేసే అలవాటు మన కేంద్రాలలో చాలామందికి వుంది. ముందు ఫోను చేయండి.