దూరప్రయాణపు బండి కొనబోవు మేనల్లునికి

రాజమహేంద్రవరము.

చిరంజీవి ప్రసాదునకు నీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

నీ ఉత్తరము చేరినది. హైదరాబాదు నుండి మా యూరికిని, సెలవులు కలిసివచ్చినపుడు అరకు కనుమలకును, కొడైకెనాలు కొండలకును చి. సౌ. లలితతో కలిసి పోవుటకు తగిన స్పోర్ట్ టూరింగ్ మోటారుసైకిలు నొకదానిని కొనదలచితి ననియు, కవాసాకీ నింజా 650, అదే సంస్థవారి నింజా 1100 ఎస్ఎక్స్, సుజుకీ హయబూసా అను మూడింటిలో దేని నెన్నుకొనవలయునో తోచకున్న దనియు వ్రాసితివి. బ్యాంకు ఋణశాఖలో తల నెఱసినవాడను, యౌవనమున బుల్లెటుపై చాల దూరములు తిరిగినవాడను గనుక ఈ రెండు విద్యలును గలవానిని అడుగుట యుక్తమే. నీ యుత్సాహమును చల్లార్చుట నా యభిమతము కాదు. అయితే షోరూములో చెప్పు ధర యొకటి, ఆ బండి అయిదేండ్లలో నీ చేతినుండి తీసికొనునది మఱియొకటి. ఎన్నిక చేయదగినది రెండవదానిని బట్టియే.

ఈ జాతి వాహనములు ఏ నేలపై పెరిగినవో మొదట తెలిసికొనుము. 1976లో జర్మనీదేశపు బీఎండబ్ల్యూ సంస్థ, ఆర్ 100 ఆర్ఎస్ అను బండికి వాయుసొరంగములో పరీక్షించి తీర్చిన ఫెయిరింగును తొడిగి అమ్మకమునకు తెచ్చినది. ఆ దేశపు ఆటోబాన్ రహదారులలో పెక్కు భాగములపై నేటికిని వేగపరిమితి లేదు. గంటల తరబడి అతివేగమున పోవు మనిషికి గాలి యొత్తిడిని తప్పించుటకే ఆ కవచము పుట్టినది. మన దేశముననో, 2018 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి నాలుగు వరుసల రహదారిపై మోటారుసైకిలునకు గరిష్ఠ వేగము గంటకు 80 కిలోమీటర్లు. మీ నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డుపై ద్విచక్రవాహనములకు ప్రవేశమే లేదు. నీవు చెప్పిన మూడు బండ్ల శక్తి వరుసగా సుమారు 68, 136, 190 అశ్వశక్తులు. చట్టమునకు లోబడి నడుపువానికి మొదటిదే మిగులునంత గలది.

ఇక ధర. హయబూసా నేటి రూపము 2021లో 16 లక్షల 40 వేలకును, 1100 ఎస్ఎక్స్ 2024లో 13 లక్షల 49 వేలకును షోరూము ధరతో మన విపణికి వచ్చినవి. 650 వాని ముందు ఇంచుమించు సగము ధర. 2025 సెప్టెంబరు 22 మొదలు 350 సీసీ దాటిన బండ్లపై, సెస్సుతో కూడి 31 శాతముగ నుండిన పన్ను, జీఎస్టీ 40 శాతమైనది. లైఫ్ టాక్సు ధరపై శాతముగ లెక్కింపబడును గనుక ధర పెరిగిన కొలదియు అదియు పెరుగును.

లెక్క సులభమగుటకై పెద్దబండి యగు 1100 ఎస్ఎక్స్ రోడ్డెక్కు సరికి 16 లక్షలు, చిన్నది యగు 650 9 లక్షలు అగు ననుకొందము. బీమాసంస్థలు బండికి కట్టు విలువ, నాలుగేండ్లు దాటి అయిదేండ్లు నిండులోపల, సగమునకు దిగును. అదే కొలతను పట్టినచో పెద్దదానిపై 8 లక్షలు, చిన్నదానిపై 4 లక్షల 50 వేలు కరగిపోయినట్లు. ఈ అయిదేండ్లలో నీవు 30,000 కిలోమీటర్లు తిరిగితివేని, తరుగు ఒక్కటియే పెద్దబండికి కిలోమీటరునకు సుమారు 27 రూపాయలు, చిన్నదానికి 15 రూపాయలు పడును. పెట్రోలు లీటరు 108 రూపాయలనియు, లీటరునకు పెద్దది 16, చిన్నది 22 కిలోమీటర్లు పోవుననియు అనుకొన్నచో ఇంధనములో తేడా కిలోమీటరునకు రెండు రూపాయలైనను లేదు. నీవు ఉత్తరములో సగము మైలేజీని గూర్చియే వ్రాసితివి! ఏనుగు నిచ్చి అంకుశము కడ తగవులాడుట యనగా ఇదియే. అయినను ఈ లెక్క యందే పెద్దబండికి అనుకూలమగు మాట యొకటి యున్నది: అదే అయిదేండ్లలో 60,000 కిలోమీటర్లు తిరిగినవానికి 27 రూపాయల తరుగు 13 రూపాయలకు దిగివచ్చును. విలువైన వాహనమును సెల్లారులో ముసుగు వేసి దాచినవానికే అది మిక్కిలి ప్రియమగును, నడిపినవానికి చవుకయగును.

అప్పు సంగతియు వినుము. 10 లక్షలను 11 శాతము వడ్డీకి అయిదేండ్ల గడువున తీసికొన్నచో నెలకు 21,700 రూపాయలకు పైగా కట్టవలసి వచ్చును; వడ్డీ మొత్తము 3 లక్షలు దాటును. విలువ పెరుగు వస్తువునకు అప్పుచేయుట వేఱు, విలువ కరగు వస్తువునకు చేయుట వేఱు. కావున ధరలో సగమైనను నీ సొంత సొమ్ముగ చేకూరు వఱకు వేచియుండుట మేలు.

బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియము, 2022 నాటి ప్రకటన ప్రకారము, 350 సీసీ దాటిన క్రొత్త బండ్లన్నిటికిని అయిదేండ్లకు 15,117 రూపాయలు; 650కును 1340 సీసీల హయబూసాకును భేదము లేదు. భేదమంతయు సొంతబండి నష్టమునకు కట్టు ప్రీమియములోనే. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగముల వెలనుండి సగము తరుగు క్రింద కోయుదురు. ఈ జాతి బండి దేహమంతయు ప్లాస్టిక్ ఫెయిరింగే గనుక, నిలిపిన బండి ప్రక్కకు ఒరిగిపడినను ఆ సగము నీ తలపై పడును. ఆ తరుగును కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీకి కొంత ఎక్కువ చెల్లింపవలసి వచ్చినను వెనుదీయకుము.

ఇక వాడుకలోని సాధకబాధకములు. బరువులు వరుసగా 196, 238, 266 కిలోలు. దారిలో పోవునపుడు ఈ భేదము తెలియదు గాని, సామానుతోడను, వెనుక కూర్చున్న లలితతోడను పెట్రోలు బంకు వాలులో బండిని వెనుకకు నెట్టునపుడు తెలియును. చిన్నదాని ట్యాంకు 15 లీటర్లు, 1100 ఎస్ఎక్స్‌ది 19 లీటర్లు. పైన చెప్పిన మైలేజీతో గుణించి చూడుము, 330 కిలోమీటర్లు, 304 కిలోమీటర్లు! హైదరాబాదు నుండి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు గనుక ఏదియైనను నడుమ నింపకుండ చేరును. వెనుక టైరు చిన్నదానికి 160, పెద్దవానికి 190 మిల్లీమీటర్ల వెడల్పు. వెడల్పు పెరిగిన కొలదియు వెల పెరుగును. మూడింటికిని చెయినే గనుక, అయిదాఱువందల కిలోమీటర్లకొకపరి తుడిచి నూనె వేయుట తప్పదు; ఆ శ్రమ లేని షాఫ్టు డ్రైవు బీఎండబ్ల్యూ ఆర్‌టీ వంటి బండ్లకు గలదు గాని, వాని బరువును వెలయు నీకు తగినవి కావు.

పెద్దబండికి అన్యాయము చేయరాదు. నాలుగు సిలిండర్ల యంత్రపు నునుపును, క్రూయిజ్ కంట్రోలును, లారీని దాటవలసినపుడు గేరు మార్చకయే లభించు త్వరణమును దూరప్రయాణమున అలసటను నిజముగ తగ్గించును. ఏటికి పండ్రెండువేల కిలోమీటర్లకు తగ్గక తిరుగువాడవై, సర్వీసు కేంద్రము నీ యూరిలోనే యుండి, అప్పు సగము మించనిచో 1100 ఎస్ఎక్స్ కొనుట దుబారా కాదు. హయబూసా మాత్రము వేగమును ఆరాధించువాని బండి. ముందుకు వంగి పట్టవలసిన దాని హ్యాండిలు మన ఊళ్ల రద్దీలో మణికట్టులను బాధించును.

నీవు వ్రాసినదానిని బట్టి ఏటికి ఆరేడువేల కిలోమీటర్లు మించి తిరుగవు. కావున నింజా 650ని కొనుమని నా సలహా. మిగిలిన సొమ్ములో కొంత మీ యిరువురకును మంచి హెల్మెట్లకును, జాకెట్లకును, చేతొడుగులకును, బూట్లకును వెచ్చింపుము. ఈ పద్దును కోసి, ఆ సొమ్ముతో సైలెన్సరు కొనువారిని చూచితిని; నీ వట్లు చేయవలదు.

నిర్ణయమునకు ముందు ఈ మూడు పనులు చేయుము. లలితను వెనుక కూర్చుండబెట్టుకొని, కొంత దూరమైనను నడిపి చూడుము. ఆ సీటు ఆమెకు నచ్చనిచో మీ కొడైకెనాలు ప్రయాణము నడుమనే ఆగును. మధ్యాహ్నపుటెండలో సిగ్నళ్లు గల వీధిలో నడిపి, యంత్రపు వేడి తొడలకు ఎంత సోకునో పరీక్షింపుము. తరువాత సర్వీసు కేంద్రమున కేగి ఫెయిరింగు పలక, చెయిను కిట్టు, వెనుక టైరు, బ్రేకు ప్యాడ్లు ఎంతెంతయో, ఎన్ని దినములలో వచ్చునో అడిగి ఒక కాగితముపై వ్రాసి నాకు పంపుము. ఆ కాగితమును చూచి లెక్క సరిపోయినదని తోచినచో, కొఱతపడిన మొత్తమును నేనే సర్దెదను. వడ్డీ బ్యాంకువారి కంటె తక్కువయే పుచ్చుకొందును.

అక్కయ్యకును బావగారికిని నా నమస్కారములు తెలుపుము.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
మామయ్య