మడమ పైనున్న కీలు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తాటిచెట్టు ఎక్కి బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. మోకు జారినా, తెగినా మనిషి కింద పడతాడు. కాళ్ల మీద పడితే ఒంటి బరువంతా మడమలకు తగులుతుంది. కాలు వాస్తుంది. చుట్టూ చేరినవాళ్లు "ఏం కాలే, బెణికింది. నూనె పెట్టి తోమితే పోతది" అంటారు. కాని బెణికిందో, విరిగిందో పైకి చూస్తే తెలియదు.

మీ కాలు చూసుకోండి. చీలమండకు రెండు పక్కల రెండు గిలకలు చేతికి తగులుతాయి. ఇవి పాదం ఎముకలు కావు. మోకాలి కింద ఉండే రెండు ఎముకల కొసలు. ఆ కొసల నడుమ ఒక ఎముక ఇరికి ఉంటుంది. దాని పేరు టాలస్. దాని కింద మడమ ఎముక. పాదంలో 26 ఎముకలు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది మడమ ఎముకే.

టాలస్‌కు పైన ఒక కీలు, కింద ఒక కీలు. పై కీలుతో పాదం పైకి, కిందికి ఆడుతుంది. కింది కీలుతో పక్కలకు ఒరుగుతుంది. పొలం గట్టు మీద, రాళ్ల బాటలో మనం పడిపోకుండా నడిచేది దీనివల్లనే.

జొన్న సొప్పను విరిచి చూడండి. పైన పలుచని పెచ్చు, లోపల బెండు. మడమ ఎముక కూడా అట్లాంటిదే. ఎత్తునుంచి పడ్డప్పుడు, మొద్దులో గొడ్డలి దిగినట్టు టాలస్ దానిలోకి దిగుతుంది. మడమ నలిగి అణిగిపోతుంది. కింది కీలు చెడుతుంది. అది సరిగా అతకకపోతే చదును నేల మీద ఎట్లాగో నడవవచ్చు. గట్టు మీద నడవలేరు. ఇక చెట్టు ఎక్కుడు ఎక్కడిది?

ఎముకను కోయకుండా చూసే దారి 1895లో దొరికింది. జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త కంటికి కనపడని కిరణాలు కనుగొన్నాడు. అవేమిటో తెలియక 'ఎక్స్' అని పేరు పెట్టాడు. తన భార్య చేతిని వాటితో ఫోటో తీస్తే వేళ్ల ఎముకలు, ఉంగరం కనిపించాయి!

మడమను పక్కనుంచి ఒకసారి, వెనుకనుంచి ఒకసారి ఎక్స్‌రే తీస్తారు. పక్క ఫోటో మీద డాక్టరు గీతలు గీసి కోణం కొలుస్తాడు. మామూలుగా అది 20 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. మడమ అణిగితే తగ్గుతుంది.

అయితే ఎక్స్‌రే ఒక నీడ. దీపం ముందు రెండు చేతులు ఒకదాని వెనుక ఒకటి పెడితే గోడ మీద ఒకే నీడ పడుతుంది. అట్లనే ఎముకలు ఒకదాని మీద ఒకటి కలిసి కనిపిస్తాయి. కీలు ఎన్ని ముక్కలైందో తెలియకపోతే సీటీ స్కాన్ రాస్తారు. సొరకాయను చక్రాలుగా తరిగినట్టు, అది కాలును పొర పొరగా చూపుతుంది. మనిషికి మొదటిసారి సీటీ స్కాన్ తీసింది 1971లో, ఇంగ్లండులో.

పడ్డ మనిషిని లేపి నడిపించవద్దు. మడమ విరిగినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వెన్నెముక కూడా దెబ్బతింటుంది. నులక మంచం మీద ఎత్తుకుపోవడం మన అలవాటు. కాని నులక కిందికి సాగి నడుము వంగుతుంది. తలుపు చెక్క మేలు. ఆసుపత్రిలో "కాళ్ల మీద పడ్డడు, నడుము గూడ చూడుండ్రి" అని చెప్పాలి. నాటుకట్టు బిగించి కడితే రక్తం ఆడదు. వేళ్లు చల్లబడినా, నల్లబడినా కట్టు వెంటనే విప్పించాలి.

గట్టు మీద కాలు మడతపడటం వేరు. అప్పుడు గిలకల ఎముకను నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. 1992లో కెనడాలోని ఒటావా డాక్టర్లు చెప్పిన లెక్క ఇది. ఆడవాళ్లు కడుపుతో ఉంటే ఎక్స్‌రేకు ముందే ఆ మాట చెప్పాలి.

గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జారినా మనిషి నేల మీద పడకుండా పట్టే మోకులు అందులో ఉంటాయి.

మడమ అతకడానికి నెలలు పడుతుంది. కొందరికి పిండికట్టు చాలు, కొందరికి ఆపరేషన్ చేసి రేకు, మరలు వేస్తారు. మొదటి ఎక్స్‌రేను చూరులో చెక్కి మరిచిపోవద్దు. తర్వాత తీసినదాన్ని దాని పక్కన పెట్టి చూస్తేనే, ఎముక ఎంత అతికిందో డాక్టరుకు తెలుస్తుంది.