మధ్యాహ్నం పొగ కక్కే ఇంజనుకు చల్లగాలి మందు

రోహిణీకార్తె ఎండకు మనిషే కాదు, ఆయిల్ ఇంజను కూడా రొప్పుతుంది. పొద్దున ఆరింటికి శుభ్రంగా నీళ్లు తోడిన ఇంజను మధ్యాహ్నం రెండయ్యేసరికి నల్లటి పొగ మొదలుపెడుతుంది. మెకానిక్కును పిలిస్తే నాజిల్ మార్చాలంటాడు, డీజిల్ పంపు విప్పాలంటాడు. అదే నిజమూ కావచ్చు. కానీ పొద్దున బాగుండి మధ్యాహ్నం మాత్రమే పొగ వస్తుంటే, జేబులో చెయ్యి పెట్టకముందు ఒక్క సంగతి చూసుకోండి. మీ ఇంజను పీలుస్తున్న గాలి ఎక్కడిది? ఎంత వేడిది?

కరెంటు మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజన్లు తగ్గిన మాట నిజమే. అయినా కాలువ గట్ల మీద, ఏటి ఒడ్డున, లైను చేరని చెలకల్లో ఇవే దిక్కు. సొంత ఇంజను లేక గంటల లెక్కన కిరాయికి తెచ్చుకునే చిన్న రైతుకు ఇంజను ఆగితే కిరాయీ పోతుంది, తడీ పోతుంది.

డీజిల్ ఒక్కటే మండదు, దానికి గాలి తోడు కావాలి. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే తక్కువలో తక్కువ 12 కిలోల గాలి పడుతుంది. లీటర్లలో చెప్పుకుంటే పదివేల లీటర్లు. మన పొలాల్లో వాడే 5 హెచ్.పి. ఇంజను, 80 మి.మీ. బోరు, 110 మి.మీ. స్ట్రోకు రకం, నిమిషానికి 1500 చుట్లు తిరిగేటప్పుడు గంటకు దగ్గర దగ్గర పాతికవేల లీటర్ల గాలి లాగుతుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న గది తలుపులు మూసి ఇంజను నడిపితే ఆ గదిలో ఉన్న గాలంతా ముప్పావుగంటలో తాగేస్తుందన్నమాట.

ఇక వేడి సంగతి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. సిలిండరు కొలత మారదు కాబట్టి అదే సిలిండరులో పట్టే గాలి బరువు తగ్గుతుంది. చెట్టు నీడన 35 డిగ్రీలున్న గాలి, రేకుల షెడ్డులో సైలెన్సర్ పక్కన 65 డిగ్రీలకు చేరిందనుకోండి. అప్పుడు బరువులో 9 శాతం పోతుంది. మోటు లెక్కన మూడు డిగ్రీల వేడికి ఒక శాతం నష్టం. పంపు లాగే బరువు మాత్రం తగ్గదు. గవర్నరు వేగం పడిపోకుండా మరికాస్త డీజిల్ వదులుతుంది, దానికి సరిపడా గాలి ఉండదు, కాలని డీజిల్ మసిగా బయటికి వస్తుంది. ఆ నల్లటి పొగ మీరు డబ్బిచ్చి కొన్న డీజిలే.

ఒక మాట ముందే చెప్పాలి. గాలి చల్లబరిస్తే డీజిల్ సగం మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంజను సగం బరువు మీద తేలిగ్గా నడుస్తుంటే దానికి గాలి ఎలాగూ మిగులే, మీకు తేడా కనిపించదు. నిండు బరువు మీద, నడి ఎండలో ముక్కుతూ నడిచే ఇంజనుకే ఈ లాభం. పొగ తగ్గుతుంది, లాగుడు తిరిగి వస్తుంది, అంతే.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. పీల్చే గాలి చల్లగా ఉండాలన్నాం కదా అని ఇంజను ఒంటిని కూడా చన్నీళ్లతో చల్లబరుస్తారు. డెలివరీ పైపు నుంచి నీటి పాయ నిండుగా తిప్పేసి, ఇంజను మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని సంతోషపడతారు. అది తప్పు. ఒళ్లు చల్లబడిన ఇంజను డీజిల్ ఎక్కువ తాగుతుంది, లైనరు, రింగులు తొందరగా అరుగుతాయి. ఇంజను నుంచి బయటికి వచ్చే నీళ్లలో వేలు పెడితే క్షణం కన్నా ఉంచలేనంత వేడి ఉండేలా నీటి పాయ తగ్గించుకోవాలి.

షెడ్డు సంగతి

ఖర్చు లేని పని ఇదే, ఎక్కువ ఫలితం కూడా ఇక్కడే. దొంగల భయంతో షెడ్డుకు కిటికీలు పెట్టరు, ఉన్నవాటిని ఇటుకలతో మూసేస్తారు. ఆ భయం తీసిపారేసేది కాదు. కిటికీ మూసే బదులు ఇనుప జాలీ బిగించండి, గాలి ఆడుతుంది. వేసవి గాలి వచ్చే వైపు గోడకు కింద ఒక కన్నం, ఎదురు గోడకు పైన కప్పు దగ్గర ఒక కన్నం ఉండాలి. వేడి గాలి పైకి లేచి పై కన్నం నుంచి పోతుంది, కింద నుంచి కొత్త గాలి వస్తుంది. రెండు కన్నాలూ ఒకే ఎత్తున పెడితే ఈ పని జరగదు. రేకుల మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ పరిస్తే లోపల వేడి బాగా తగ్గుతుంది. కానీ పొగగొట్టం రేకు దాటే చోట చుట్టూ రెండు మూడడుగులు గడ్డి లేకుండా చూసుకోవాలి. ఇంజను చల్లబరచబోయి షెడ్డు తగలబెట్టుకోవద్దు.

పొగగొట్టం షెడ్డు బయటికి, గాలి వాలుకు ఉండాలి. కొన్నిచోట్ల సైలెన్సర్ ఎయిర్ క్లీనర్ వైపే తిరిగి ఉంటుంది. అంటే ఇంజను తన పొగ తనే పీల్చుకుంటోంది. ఒక బెండు వేసి తిప్పేస్తే సరి.

పీవీసీ పైపు ఉపాయం

షెడ్డు మార్చే వీలు లేనివాళ్లు బయటి నీడ నుంచి ఎయిర్ క్లీనర్ మూతి దాకా పైపు వేసుకోవచ్చు. 5 హెచ్.పి. ఇంజనుకు 75 మి.మీ. పీవీసీ పైపు ముక్క, ఒక బెండు చాలు. ఎయిర్ క్లీనర్ మూతి కన్నా సన్నటి పైపు ఎప్పుడూ వేయకండి. గొంతు నొక్కినట్టవుతుంది, ఉన్న పొగ రెట్టింపవుతుంది. దూరం ఎక్కువైతే ఇంకో సైజు లావుది తీసుకోండి. బయటి మూతి నేలకు నాలుగైదు అడుగుల ఎత్తులో, కిందికి వంచి, వెడల్పు కళ్ల జాలీ కట్టి ఉంచాలి. లేకుంటే వానా పోతుంది, ఎలుకా పోతుంది. ఇంజను అదురుకు పైపు పగలకుండా గోడకు క్లాంపు వేసి, కలిసే చోట పాత లారీ ట్యూబు ముక్క తొడిగి బిగించండి. వేడికి పీవీసీ మెత్తబడుతుంది కాబట్టి సైలెన్సర్‌కు మూరెడు దూరం తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ పైపు ఎయిర్ క్లీనర్‌కు ముందే కలపాలి. క్లీనర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే గొట్టం జోలికి పోవద్దు. అక్కడ సూది మొనంత సందు ఉన్నా దుమ్ము నేరుగా సిలిండరులోకి పోతుంది, బోరు పోతుంది. చల్లగాలి కోసం ఎయిర్ క్లీనర్ ఊడదీసి నడిపేవాళ్లను చూస్తుంటాం. వాళ్లకు గాలి కలిసొస్తుంది గానీ ఇంజను మిగలదు.

ఇంజను పొగ వదిలే గొట్టమూ, గాలి పీల్చే గొట్టమూ పక్కపక్కనే ఉంటే మధ్యలో జింకు రేకు ముక్క అడ్డం పెట్టండి, రెండు గొట్టాలకూ తగలకుండా వేలెడు సందుతో. పాత నూనె డబ్బా రేకు కూడా పనికొస్తుంది. సైలెన్సర్‌కు గోనె చుట్టకండి, నిప్పంటుకుంటుంది. వెనకటి రోజుల్లో ఆస్‌బెస్టాస్ తాడు చుట్టేవారు. దాని నూగు ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. అలాంటి పాత తాడు ఇంట్లో ఉన్నా ముట్టుకోవద్దు.

తడి గోనె

కూలర్‌లో గడ్డిచాపలా తడి గోనెసంచి కడితే గాలి చల్లబడదా అని అడుగుతారు. చల్లబడుతుంది. పొడి ఎండలు కాసే రాయలసీమ, తెలంగాణ జిల్లాల్లో 42 డిగ్రీల గాలి 28 దాకా దిగవచ్చు. అయితే గాలిలో చేరిన నీటి ఆవిరి కొంత చోటు తినేస్తుంది గనుక నికరంగా మిగిలే లాభం మూడు శాతం పైచిలుకు. సముద్రం దగ్గర ఉక్కపోత ఉండే చోట అదీ రాదు. గోనె గానీ వట్టివేళ్ల తడిక గానీ కట్టాలనుకుంటే షెడ్డు కిటికీకి కట్టండి. ఎయిర్ క్లీనర్ మూతికి మాత్రం కట్టకండి. తడి గోనె బురద పట్టి గాలి ఆపుతుంది, కాగితం ఫిల్టరు తడిస్తే చిరుగుతుంది, నీళ్లు సిలిండరులో దిగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

బావిలో ఇంజను దించేవాళ్లకు

ఈ సంగతి కాస్త నిదానంగా చదవండి. పంపు నీటిని పైకి లాగగల లోతు పుస్తకాల్లో 33 అడుగులు, పొలంలో 20, 22 అడుగులే. నీటిమట్టం దిగిపోయినప్పుడు రైతులు ఇంజనును బావిలో గద్దె మీదికి దించుతారు. అక్కడ గాలి కదలదు. ఇంజను వదిలిన పొగ బావిలోనే తిరిగి, వేడెక్కి, మళ్లీ ఇంజనులోకే పోతుంది. గంట తిరక్కుండానే లాగుడు పడిపోతుంది. ఏమైందో చూద్దామని మనిషి బావిలోకి దిగుతాడు. ప్రాణం పోయేది ఇక్కడే.

గాలి చాలక సగం కాలిన పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరిగినట్టు తెలిసేలోగా కాళ్లు పట్టు తప్పుతాయి. దీపం దించి, ఆరకపోతే దిగవచ్చని పెద్దలు చెప్పేవారు. ప్రాణవాయువు లేని పాడుబావికి ఆ పరీక్ష పనికొస్తుంది గానీ ఈ విషవాయువుకు పనికిరాదు. మనిషిని చంపేంత వాయువున్నా దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఇంజను బావిలో ఉంచక తప్పకపోతే పొగగొట్టాన్ని అతుకుల దగ్గర లీకు లేకుండా బావి ఒడ్డు దాటించి పైకి తేవాలి. ఆపే లివరుకు తీగ కట్టి పై నుంచే ఆపే ఏర్పాటు మెకానిక్కు చేత చేయించుకోండి. ఇంజను నడుస్తుండగా, ఆపిన వెంటనే కూడా, ఎవరూ దిగవద్దు. నడుముకు తాడు, ఒడ్డున ఇద్దరు మనుషులు లేకుండా అసలే దిగవద్దు. లోపల ఒకరు పడిపోతే వెనకే ఇంకొకరు దూకకండి. అన్నను కాపాడబోయిన తమ్ముడూ అక్కడే పడిపోతాడు. పై నుంచి ఇంజను ఆపి, 101కు, 108కి ఫోను చేయండి.

ట్రాక్టరు, జీపు

ట్రాక్టరుకు వేడి గాలి కన్నా మూసుకుపోయిన ఫిల్టరే పెద్ద శత్రువు. పొడి దుక్కి, నూర్పిడి రోజుల్లో ఆయిల్ బాత్ గిన్నె రోజూ విప్పి చూడండి. నూనె గీత వరకే పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను ఆ నూనెనే లాక్కుంటుంది. కాగితం ఫిల్టరైతే లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టాలి, పెట్రోలుతో కడగకూడదు. రేడియేటర్ జాలీలో చేరిన ఊక రోజూ దులపాలి.

పాత జీపు, కారు ఉన్నవాళ్లు బానెట్ ఎత్తి చూడండి. ఫిల్టరు డబ్బా నుంచి ముందు గ్రిల్ వైపు ఒక గొట్టం ఉండాలి. రిపేరులో విప్పి మళ్లీ పెట్టకుండా వదిలేసిన బండ్లు చాలా ఉంటాయి. అప్పుడు ఇంజను బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది, పెట్రోలు బండైతే ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని కొట్టుకుంటుంది కూడా. పాత సామాన్ల కొట్టులో ఆ గొట్టం దొరికితే తెచ్చి బిగించండి. పట్నంలో అమ్మే పైకి కనిపించే కొత్తరకం ఫిల్టర్లు అడ్డు రేకు లేకుండా పెడితే అదే వేడి గాలి పీలుస్తాయి, డబ్బు దండగ. గొట్టం చుట్టూ ఐసు కట్టే పని పందేల వాళ్లకు వదిలేయండి.

చేసిన పని ఫలించిందా లేదా తెలియాలంటే ప్రయోగశాల సామాన్ల కొట్టులో 110 డిగ్రీల వరకు గీతలున్న గాజు థర్మామీటరు తెచ్చుకోండి. జ్వరం చూసేది పనికిరాదు, ఆ వేడికి పగిలిపోతుంది. ఇంజను గంటసేపు నడిచాక ఎయిర్ క్లీనర్ మూతి దగ్గర ఒకసారి, బయట చెట్టు నీడన ఒకసారి చూడండి. తేడా అయిదు డిగ్రీల లోపు ఉంటే మీ షెడ్డు బాగానే ఉంది, పొగకు కారణం వేరే ఉంది, మెకానిక్కును పిలవండి. ఇరవై, ముప్పై ఉంటే ముందు గోడకు కన్నం కొట్టండి.