రిజర్వు బ్యాంకు - మన పాల బిల్లు సొమ్ము



రిజర్వు బ్యాంకు అనగా నోటు మీద కనబడే పేరు అనియే మనలో చాలామంది ఎరుగుదురు. ఆ బ్యాంకులో మనకెవ్వరికీ పాసుబుక్కు ఉండదు. అయినను జిల్లా సహకార కేంద్ర బ్యాంకులో జమపడే పాల బిల్లుకు దానితో సంబంధం కలదు.

ఇంగ్లీషు ప్రభుత్వ కాలంలో 1861 చట్టం ప్రకారం నోట్లు వేయు పనిని ప్రభుత్వమే చూసుకొనేది. ప్రభుత్వ ఖాతాలు 1921లో ఏర్పడిన ఇంపీరియల్ బ్యాంకు వద్ద ఉండేవి. నోట్లు ఒక చేతిలో, పరపతి మరొక చేతిలో ఉండరాదని 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ చెప్పింది. 1934లో చట్టమై, 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని ప్రారంభించింది. మూలధనం 5 కోట్ల రూపాయలు, వాటా ఒక్కింటికి 100 రూపాయలు. మొదట ఇది ప్రైవేటు వాటాదారుల బ్యాంకు. 1949 జనవరి 1న జాతీయం చేశారు. (రూపాయి నోటు మాత్రం నేటికీ కేంద్ర ప్రభుత్వానిదే. దాని మీద గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది.)

కావలసినన్ని నోట్లు వేయవచ్చు కదా అని సర్వసభ్య సమావేశాలలో నన్ను అడిగినవారున్నారు. పాలలో నీళ్లు పోస్తే క్యాను నిండుతుంది, వెన్న శాతం పెరగదు. సరుకు పెరగకుండా నోట్లు పెరిగినా అంతే. దాణా బస్తా ధర పైకి పోతుంది. అందుకే రిజర్వు బ్యాంకు, బ్యాంకుల డిపాజిట్లలో కొంత శాతం తనవద్ద ఉంచుకొంటుంది. వాటికి తానిచ్చే అప్పుపై వడ్డీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. గేదెల లోనుపై వడ్డీ మారుటకు మూలం తరచు అక్కడే.

వ్యవసాయ పరపతి విభాగం ఉండవలెనని 1934 చట్టంలోనే వ్రాశారు. బ్యాంకు 1951లో ప్రారంభించిన గ్రామీణ పరపతి సర్వేలో రైతుల అప్పులో సహకార సంఘాల వంతు సుమారు 3 శాతమే అని తేలింది. నూటికి 70 వంతుల వరకు వడ్డీ వ్యాపారులదే. ఆ అంకె చేసిన మేలు వంద ఉపన్యాసాలు చేయలేదని నా అభిప్రాయం. 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారినది ఆ సర్వే కమిటీ సిఫారసుపైనే. గ్రామీణ పరపతి పని 1982లో నాబార్డుకు వచ్చింది.

ఇక అసలు సంగతి. రిజర్వు బ్యాంకుకు చెందిన కార్పొరేషను బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇస్తుంది. 1962లో ఒక్కొక్కరికి 1,500 రూపాయలతో మొదలై, 2020 ఫిబ్రవరి నుండి అసలు, వడ్డీ కలిపి 5 లక్షలైంది. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు ఇది వర్తిస్తుంది. గ్రామంలోని పాల సంఘం బ్యాంకు కాదు; సభ్యులు దానివద్ద ఉంచిన పొదుపు సొమ్ముకు ఈ బీమా లేదు. సంఘం పేర ఉన్న ఖాతాకైతే, సంఘమంతా కలిపి ఒకే డిపాజిటుదారు. పక్షం రోజుల బిల్లు 8 లక్షలు అందులో నిలిచి ఉండగా బ్యాంకు మూతబడితే బీమా 5 లక్షల వరకే. అదే సొమ్ము సభ్యుల సొంత ఖాతాలకు చేరి ఉంటే ఎవరి 5 లక్షల హద్దు వారికే. కార్యదర్శిగారు బిల్లు సొమ్ము వచ్చిన రోజుననే పంపకం చేయవలెనని మేము తనిఖీలో పట్టుబట్టుట ఇందుకే.