మూలము – తర్జుమా – తాకీదు
(కెర్నెల్ పోషణలో కంపైలర్ పాత్ర)

మన కళాశాలలోని ఉభయ భాషా విద్యార్థులకును చిరపరిచితమైన మాట ఒకటి కలదు. అది తర్జుమా. ఉర్దూ పుస్తకములలోను, తెలుగునాట కచేరీ కాగితములలోను అది ఒకే అర్థమున వాడబడుచున్నది. ఒక భాషలో చెప్పిన దానిని భావము చెడకుండ మరొక భాషలోనికి మార్చుటయే తర్జుమా. కంప్యూటరు శాస్త్రములో ఈ పనిని చేయు సాధనమునకు కంపైలర్ అని పేరు. మనుష్యుడు వ్రాసిన మూలమును అది యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చును. మూలము నిర్దుష్టముగా కనిపించినను తర్జుమాలో అర్థము మారిపోవుట సాహిత్య విద్యార్థులకు క్రొత్త సంగతి కాదు. యంత్ర భాషలోను ఇట్టి చిక్కులు వచ్చునని, వాటిని పెద్దలు ఎట్లు సరిదిద్దినారో తెలిసికొనుట సైన్సు విద్యార్థులకే గాక అందరికిని ప్రయోజనకరమని భావించి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

కెర్నెల్ అనగానేమి?

కంప్యూటరు నడుచుటకు ఆధారమైన ప్రోగ్రాముల సముదాయమును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. దాని గర్భమున ఉండు భాగమే కెర్నెల్. మెమొరీని పంచిపెట్టుట, ఏ పని ఎప్పుడు నడవవలెనో నిర్ణయించుట, డిస్కు, నెట్‌వర్కు మొదలగు పరికరములతో వ్యవహరించుట దాని విధులు. మామూలు ప్రోగ్రాములో తప్పు దొర్లినచో ఆ ప్రోగ్రాము ఒక్కటే ఆగును. కెర్నెల్‌లో తప్పు దొర్లినచో యంత్రమంతయు ఆగవచ్చును, లేదా పరుల చేతిలో పడవచ్చును.

నేడు లోకమున మిక్కిలి వ్యాప్తిలోనున్న కెర్నెల్ లినక్స్. దీనిని 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించినాడు. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులన్నింటిలోను ఉన్నది ఈ కెర్నెలే. ఇది ప్రధానముగా సి అను భాషలో వ్రాయబడినది. ఆ భాషను 1970 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించినాడు. లినక్స్‌ను తర్జుమా చేయుటకు మొదటినుండి వాడుచు వచ్చిన కంపైలర్ జి.సి.సి. దీనిని రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసినాడు.

తాకీదులు

కంపైలర్‌కు మూలముతో పాటు కొన్ని ఆజ్ఞలు కూడ ఇయ్యవలెను. వీటినే ఫ్లాగులు లేక సెట్టింగులు అందురు. మనము వీటిని తాకీదులు అందము. “వేగముగా నడుచునట్లు మార్చుము”, “అనుమానము కలిగిన చోట హెచ్చరింపుము”, “ఫలానా చమత్కారమును మాత్రము చేయవలదు” అనునవి ఇట్టి తాకీదులు. లినక్స్‌లో ఇవన్నియు మేక్‌ఫైల్ అను దస్త్రములో వ్రాసియుండును.

కెర్నెల్‌ను సాధారణముగా ఓ2 అను స్థాయిలో తర్జుమా చేయుదురు. ఆ స్థాయిలో కంపైలర్ మాటకు మాట తర్జుమా చేయదు. అనవసరమని తోచిన వాక్యములను తొలగించును, వరుస మార్చును, ఫలితము ఒకటే అనుకొన్న చోట దగ్గరి దారి పట్టును. ఇట్టి స్వేచ్ఛ దానికి ఎక్కడిది? సి భాషా ప్రమాణ గ్రంథమే ఇచ్చినది. కొన్ని పనులు చేసినచో ఫలితమేమగునో తాను నిర్వచింపనని ఆ గ్రంథము చెప్పును. వీటిని అనిర్వచిత వ్యవహారములు అనవచ్చును.

తెలుగు విద్యార్థులకు చిన్నయసూరి బాలవ్యాకరణములోని “బహుళము” ఇచ్చట జ్ఞప్తికి రావచ్చును. ఒకచోట కార్యము జరుగుట, ఒకచోట జరుగకుండుట, ఒకచోట వికల్పముగా జరుగుట, ఒకచోట వేరొక కార్యము జరుగుట బహుళము. కాని రెండింటికిని గొప్ప భేదము కలదు. బహుళమునకు వెనుక ప్రయోగమను ప్రమాణము కలదు. అనిర్వచితమునకు వెనుక ఏ హామీయు లేదు. అట్టి పని ప్రోగ్రాములో ఎన్నడును జరుగదని తలంచి తర్జుమా సాగించుటకు కంపైలర్‌కు హక్కు కలదు. ఈ హక్కునుండియే మనము చెప్పబోవు మొదటి చిక్కు పుట్టినది.

మొదటి ఉదాహరణము: మాయమైన కాపలా

2009 జూన్‌లో లినక్స్ 2.6.30 వెలువడినది. అందులో టన్ అను నెట్‌వర్కు పరికరమునకు సంబంధించిన భాగములో ఒక చిన్న పొరపాటు ఉన్నది. పాయింటర్ అనగా మెమొరీలోని ఒక చోటును సూచించు చిరునామా. అది ఏ చోటును సూచింపనప్పుడు దానిని శూన్య పాయింటర్ అందురు. ఆ భాగము వ్రాసినవారు మొదట పాయింటర్ సూచించు చోటినుండి ఒక విలువను తీసికొన్నారు. ఆ తరువాతి వాక్యములలో “పాయింటర్ శూన్యమైనచో తప్పు అని చెప్పి వెనుకకు మరలుము” అని వ్రాసినారు. కాపలా ఉన్నది, కాని ఒక అడుగు ఆలస్యముగా ఉన్నది.

దీనినొక లోకవ్యవహారముతో పోల్చి చూతము. ఒక యజమాని నౌకరునకు ఇట్లు చీటీ వ్రాసినాడనుకొనుడు: “షరీఫ్ గారి వద్దనుండి పుస్తకము తెమ్ము. షరీఫ్ గారు ఊరిలో లేనిచో మరేమియు చేయక తిరిగి రమ్ము.” ఈ చీటీని తర్జుమా చేయువాడు మిక్కిలి తెలివి గలవాడు. “షరీఫ్ గారి వద్ద పుస్తకము తెమ్మని మొదటనే చెప్పినారు గదా! ఆయన లేనిచో ఆ పని అసంభవము. అసంభవమైనదానిని యజమాని చెప్పడు. కావున ఆయన ఉన్నట్లే. ఇక రెండవ వాక్యము వ్యర్థము” అని దానిని కొట్టివేసినాడు. కంపైలర్ చేసినది సరిగా ఇదే. శూన్య పాయింటర్ నుండి విలువ తీసికొనుట సి ప్రమాణములో అనిర్వచితము. కావున పాయింటర్ శూన్యము కాదని అది నిశ్చయించుకొని, తరువాతనున్న పరీక్షను తొలగించినది.

సామాన్యముగా శూన్య చిరునామాలో ఏమియు ఉండదు గనుక కెర్నెల్ ఆ మొదటి వాక్యము వద్దనే తప్పు పట్టుకొని ఆ పనిని నిలిపివేయును. కాని దుర్బుద్ధి గలవాడు తన ప్రోగ్రాములో శూన్య చిరునామా వద్దనే మెమొరీని అమర్చుకొని, అందులో తనకు కావలసిన విలువలను పెట్టగలిగినచో కథ మారును. అట్లు అమర్చుకొనకుండ లినక్స్‌లో 2007నుండియే ఒక అడ్డు ఉన్నను, కొన్ని యంత్రములలో దానిని దాటుటకు దారి దొరికినది. అప్పుడు విలువ తీసికొనుట నిరాటంకముగా జరిగిపోయినది. కొట్టివేయబడిన కాపలా అచ్చట ఉండియున్నచో ఆ తరువాతనైనను వెనుకకు మరలించియుండును. అది లేకపోవుటచే కెర్నెల్ శత్రువు పెట్టిన విలువలను నమ్మి ముందుకు నడచినది. సాధారణ వినియోగదారుడు యంత్రమంతటికిని అధిపతి కాగలడని 2009 జూలైలో బ్రాడ్ స్పెంగ్లర్ అను భద్రతా పరిశోధకుడు ప్రోగ్రాము వ్రాసి చూపినాడు.

దీనికి రెండు చికిత్సలు జరిగినవి. ఒకటి మూలములో: విలువ తీసికొను వాక్యమును పరీక్షకు తరువాతికి జరిపినారు. రెండవది మేక్‌ఫైల్‌లో: “శూన్య పాయింటర్ పరీక్షలను తొలగింపవలదు” అని కంపైలర్‌కు తాకీదు ఇచ్చినారు. ఎఫ్‌నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్ అనునది ఆ తాకీదు పేరు. మొదటిది ఒక్క దోషమునకు మందు. రెండవది, ఇంకను కంటబడని అట్టి దోషములు ఎక్కడనున్నను వాటి అపాయమును తగ్గించు పథ్యము. తాకీదు ఇచ్చినంత మాత్రమున మూలములోని తప్పు ఒప్పు కాదు. మూలమును ఒకచోట దిద్దినంత మాత్రమున ఇతర స్థలములు నిర్దోషములని చెప్పుటకును వీలులేదు. కావుననే రెండును అవసరమైనవి.

ఇట్టి పథ్యములు లినక్స్‌లో మరికొన్ని కలవు. గుర్తుగల పూర్ణాంకము తన హద్దు దాటుట సి ప్రమాణములో అనిర్వచితము; అది ఎన్నడును జరుగదని భావించి పరీక్షలను తొలగింపరాదని ఒక తాకీదు. ఒకే మెమొరీ స్థలమును రెండు భిన్న రకముల పాయింటర్లతో చూడరని అనుకొనరాదని మరొక తాకీదు. ఇవి అన్నియు కొంత వేగమును వదులుకొని కొంత భద్రతను కొనుక్కొనుటయే.

రెండవ ఉదాహరణము: తర్జుమాదారుని తప్పు

ప్రతిసారియు దోషము మూలములోనే ఉండునని తలంచరాదు. 2014 జూలైలో లినక్స్ 3.16 సిద్ధమగుచుండగా కొన్ని యంత్రములు కారణము తెలియకుండ పడిపోవ నారంభించినవి. పనులను ప్రాసెసర్ల మధ్య సమముగా పంచు లోడ్ బ్యాలెన్స్ అను భాగము వద్ద చిక్కు కనబడినది. సి మూలములో తప్పు లేదు. టోర్వాల్డ్స్ కంపైలర్ పుట్టించిన యంత్ర భాషను స్వయముగా చదివి చూచినాడు. జి.సి.సి. 4.9.0 స్టాక్‌లో చోటు కేటాయించుకొనక మునుపే ఆ చోటిలో ఒక విలువను వ్రాయుచున్నట్లు తేలినది. ఆ రెండు ఆజ్ఞల నడుమ ఇంటరప్టు వచ్చినచో, అనగా పరికరమేదైన కెర్నెల్‌ను మధ్యలో పిలిచినచో, ఆ విలువ చెరిగిపోవును. రెండు ఆజ్ఞల నడుమనున్న కాలము అత్యల్పము గనుక ఈ తప్పు ఎప్పుడో ఒకసారి మాత్రమే బయటపడును. అందుచేతనే దానిని పట్టుకొనుట కష్టమైనది.

విచిత్రమేమనగా, తప్పులను వెదకువారి సౌకర్యమునకై కంపైలర్ చేర్చు వివరములకు సంబంధించిన ఒక సెట్టింగుతో ఈ దోషము ముడిపడియున్నది. దీపము పట్టుకొన్నవాడే దారి తప్పించినట్లయినది! అప్పుడు కెర్నెల్ వారు రెండు పనులు చేసినారు. ఆ సెట్టింగును ఆపుచు మేక్‌ఫైల్‌లో తాకీదు చేర్చినారు. జి.సి.సి. వారికి దోషమును తెలియజేసినారు. వారు కంపైలర్‌ను సరిదిద్దిన పిదప ఆ తాకీదును 2020లో పాత కంపైలర్లకు మాత్రమే పరిమితము చేసినారు. తాత్కాలిక చికిత్సను అవసరము తీరిన తరువాత ఉపసంహరించుట కూడ పోషణలో భాగమే.

మూడవ ఉదాహరణము: హెచ్చరికలను ఆజ్ఞలుగా మార్చుట

కంపైలర్ అనుమానము కలిగిన చోట హెచ్చరించును. హెచ్చరికలు వందల కొలదిగా ఉన్నచో ఎవరును చదువరు. అందుచేత ఒక రకపు హెచ్చరికకు కారణమైన స్థలములన్నింటిని ముందుగా సరిదిద్ది, పిమ్మట ఆ హెచ్చరికను శాశ్వతముగా అమలుపరచుట లినక్స్ వారి పద్ధతి. కెర్నెల్ స్టాక్ మిక్కిలి చిన్నది. 64 బిట్ల ఇంటెల్ తరగతి యంత్రములలో అది 16 కిలోబైట్లు మాత్రమే. అందులో నడుమ నిర్ణయమగు కొలతతో పట్టికలను ఉంచుట అపాయకరము. వాటినన్నింటిని ఒక్కొక్కటిగా తొలగించి, 2018 డిసెంబరులో వెలువడిన 4.20లో అట్టివి మరల రాకుండ హెచ్చరికను అమలుపరచినారు. ముందు ఇల్లు ఊడ్చి తరువాత తలుపు వేయుట వంటిది ఈ పని.

2021లో వెలువడిన 5.15 నాటికి టోర్వాల్డ్స్ ఇంకొక అడుగు వేసి, హెచ్చరిక కనబడినచో తర్జుమాయే నిలిచిపోవునట్లు తాకీదు ఇచ్చినాడు. దీనిపై వెంటనే అభ్యంతరములు వచ్చినవి. ఒక్కొక్క కంపైలర్ ఒక్కొక్క విధముగా హెచ్చరించును గనుక నిర్దోషియైన వినియోగదారుని పనియు నిలిచిపోవునని వారి వాదము. కొలది దినములలోనే ఆ నియమము ప్రధానముగా పరీక్షల కొరకు తర్జుమా చేయువారికి వర్తించునట్లు సడలింపబడినది. కఠిన నియమము మంచిదే. అది ఎవరికి వర్తింపవలెనో తెలిసికొనుటయు అంతే ముఖ్యము.

2022 మేలో వెలువడిన 5.18లో మరొక మార్పు జరిగినది. అంతవరకు 1989 నాటి సి ప్రమాణము ఆధారముగానున్న కెర్నెల్ 2011 నాటి ప్రమాణమునకు మారినది. పాత ప్రమాణములో ఒక ఆవృత్తిలో వాడు చరరాశిని దానికి వెలుపలనే ప్రకటింపవలసి ఉండెడిది. ఆవృత్తి ముగిసిన తరువాత కూడ ఆ చరరాశి మిగిలియుండుటచే దానిని పొరపాటున వాడుటకు అవకాశము కలిగెడిది. క్రొత్త ప్రమాణములో దానిని ఆవృత్తి లోపలనే ప్రకటింపవచ్చును. ఆవృత్తితో అదియు అంతరించును. ఇచ్చట భాషా ప్రమాణమును ఎన్నుకొను ఒక్క సెట్టింగు, ఒక జాతి దోషములకు తావు లేకుండ చేయుటకు మార్గము తెరచినది.

విద్యార్థులు గ్రహింపవలసినది

ఈ మూడు ఉదాహరణములనుండి కొన్ని సూత్రములు ఏర్పడుచున్నవి. కాపలా పెట్టుట చాలదు, సరియైన చోట పెట్టవలెను. మూలము చదివి తృప్తిపడక, అవసరమైనప్పుడు తర్జుమాను కూడ చదువవలెను. దోషము ఎవరిదో తేలకముందే ఎవరినిని నిందింపరాదు. 2009లో మూలము తప్పు, 2014లో తర్జుమా తప్పు. ప్రతి తాకీదు ప్రక్కన అది ఎందుకు వచ్చినదో వ్రాసియుంచవలెను. లేనిచో తరువాతివారు దానిని అనవసరమని తీసివేయుదురు, లేదా అవసరము తీరినను మోయుచుందురు.

మన విద్యార్థులు ప్రయోగశాలలో ప్రోగ్రాము నడచినంతనే పని ముగిసినదని భావించుట కలదు. కంపైలర్ చూపిన హెచ్చరికలను “అవి ఎప్పుడును వచ్చునవే” అని త్రోసివేయుట కూడ కలదు. వారికి మేము ఒక అభ్యాసమును సూచించుచున్నాము. మీరు వ్రాసిన ఒక చిన్న సి ప్రోగ్రామును వాల్ అను హెచ్చరికల తాకీదుతో ఓ0 స్థాయిలో ఒకసారి, ఓ2 స్థాయిలో మరొకసారి తర్జుమా చేయుడు. హెచ్చరికలను ఒక్కొక్కటిగా చదివి, కారణము వ్రాసికొని, మూలమును దిద్దుడు. రెండు స్థాయిలలో ఫలితము వేరుగా వచ్చినచో కంపైలర్‌ను అనుమానించుటకు ముందు మీ మూలములో అనిర్వచితమైన పని ఏదైన ఉన్నదేమో వెదకుడు. ఒక్క వాక్యము ముందు వెనుకలగుటచే ఒక కెర్నెల్ కాపలా మాయమైనది. మన వాక్యముల వరుసను మనమే మొదట పరీక్షించుకొందము.