హ్యాండ్‌హెల్డ్ లేజర్ కొంటున్నారా? లేబుల్ మీది మిల్లీవాట్లు నమ్మే ముందు ఇది చదవండి

పోయిన వినాయక చవితి ఊరేగింపు వీడియో తీస్తుంటే నా ఫోన్ కెమెరా పోయింది. ఫోన్ కింద పడలేదు, తడవలేదు. డీజే బండి మీద తిరుగుతున్న గ్రీన్ లేజర్ ఒక్క క్షణం లెన్స్‌కి తగిలింది, అంతే. అప్పటి నుంచి ఏ ఫొటో తీసినా పైనుంచి కిందికి ఒక సన్నని గులాబీ గీత. సెన్సార్ కాలిపోయింది, కెమెరా మాడ్యూల్ మార్చాలన్నారు. మార్పించుకున్నా. కానీ ఒక్కటి ఆలోచించండి: ఆ ఫోన్ లెన్స్ చేసిన పనే మన కంటి లెన్స్ కూడా చేస్తుంది. కంటికి మాత్రం మార్చే మాడ్యూల్ దొరకదు.

అదే వారం కేసరపల్లిలో ఉండే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, అగ్గిపుల్ల వెలిగించే లేజర్ కావాలి. ఏది కొనమంటావ్? లేకపోతే పాత డీవీడీ రైటర్‌లో డయోడ్ పీకి నేనే చేసుకోనా?" బీటెక్ సెకండియర్ వాడు. బీసెంట్ రోడ్డులో ఒక గ్రీన్ లేజర్ అప్పటికే కొనేశాడు కూడా. 18650 బ్యాటరీ, ఛార్జర్, తాళం చెవి, చుక్కలు చల్లే స్టార్ క్యాప్... మీలో చాలామంది చూసిన సెట్టే. వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు క్లాసులు తెలుసుకుందాం

లేజర్‌ని కొనేటప్పుడు మొదట చూడాల్సింది క్లాస్. కంటికి కనిపించే రంగుల్లో లెక్క ఇలా ఉంటుంది:

క్లాస్ 2: 1 మిల్లీవాట్ లోపు. పొరపాటున కంట్లో పడితే పావు సెకనులో మనం రెప్ప వేసేస్తాం, ఆ రెప్పే కాపాడుతుంది.
క్లాస్ 3ఆర్: 5 మిల్లీవాట్ల లోపు. జాగ్రత్తగా వాడితే రిస్క్ తక్కువ.
క్లాస్ 3బి: 5 నుంచి 500 మిల్లీవాట్లు. నేరుగా పడినా, అద్దం మీద నుంచి తిరిగి వచ్చినా కన్ను దెబ్బతింటుంది.
క్లాస్ 4: 500 మిల్లీవాట్ల పైన. గోడ మీద పడిన చుక్కని దగ్గర నుంచి చూసినా ప్రమాదమే. చర్మం కాలుతుంది, గుడ్డ అంటుకుంటుంది.

5 మిల్లీవాట్లకే ఇంత భయమా అనుకోవచ్చు. ఎల్ఈడీ బల్బు వెలుగు గదంతా పరుచుకుంటుంది. లేజర్ కిరణాన్ని మాత్రం కంటి లెన్స్ రెటీనా మీద ఒక్క చుక్కగా కూడేస్తుంది. అక్కడ వెలుగు తీవ్రత సుమారు లక్ష రెట్లు పెరుగుతుంది. పైగా రెటీనాకి నొప్పి తెలియదు. కాలినప్పుడు కూడా మనకి అర్థం కాదు.

లేబుల్ ఒకటి, మీటర్ ఒకటి

మా వాడి లేజర్ లేబుల్ మీద '5 మిల్లీవాట్ల లోపు' అని ఉంది. నాకు తెలిసిన ఒక ఫిజిక్స్ లెక్చరర్ గారి ల్యాబ్‌కి తీసుకెళ్లి పవర్ మీటర్ ముందు పెట్టించాం. రీడింగ్ 60 దాటింది. అంటే క్లాస్ 3ఆర్ అని అమ్మింది నిజానికి క్లాస్ 3బి.

ఇది మా వాడి దురదృష్టం ఒక్కటే కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 122 లేజర్ పాయింటర్లు పరీక్షించి 2013లో ఫలితాలు చెప్పింది. గ్రీన్ వాటిలో దాదాపు 90 శాతం, రెడ్ వాటిలో 44 శాతం అక్కడి భద్రతా నియమాలకి తగ్గట్టు లేవు.

అబద్ధం రెండు వైపులా ఉంటుందని కూడా గమనించండి. అదే సెట్‌లో వచ్చిన బ్యాటరీ మీద 9800 ఎంఏహెచ్ అని ఉంది. మంచి కంపెనీ 18650 సెల్ కూడా 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతుంది. బ్యాటరీ మీద ఎక్కువ రాసినవాడు లేజర్ మీద తక్కువ రాశాడు. ఏది రాస్తే సరుకు పోతుందో అదే రాస్తారు.

గ్రీన్ వెనక కనిపించని కిరణం

చవక గ్రీన్ లేజర్‌లో నేరుగా ఆకుపచ్చ వెలుగు పుట్టదు. 808 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ డయోడ్ ఒక క్రిస్టల్‌ని వెలిగిస్తుంది, అది 1064 ఇస్తుంది, రెండో క్రిస్టల్ దాన్ని సగం చేసి 532 నానోమీటర్ల గ్రీన్‌గా మారుస్తుంది. చివర్లో ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే చిన్న ఫిల్టర్ ఉండాలి. ఖర్చు తగ్గించాలంటే ముందు ఎగిరిపోయేది అదే. ఇన్‌ఫ్రారెడ్ కనబడదు కాబట్టి రెప్ప కూడా పడదు.

ల్యాబ్‌లో ఇది కూడా చూశాం. టీవీ రిమోట్ బటన్ నొక్కి సెల్ఫీ కెమెరాలో చూస్తే వెలుగు కనిపించింది, అంటే ఆ కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ తెలుస్తుంది. తర్వాత సార్ గాగుల్స్ పెట్టుకుని లేజర్‌ని స్టాండ్‌కి బిగించి, సీడీ మీద వేసి, రంగులు విడిపోయేలా తెల్ల కాగితం మీద పడేశారు. కంటికి ఏమీ లేనిచోట ఫోన్ తెర మీద ఒక చుక్క! ఫిల్టర్ లేదన్నమాట. ఇంట్లో మాత్రం తెలియని లేజర్‌తో ఇది చేయకండి. సీడీ అద్దం లాంటిదే.

వెలుగు వేరు, పవర్ వేరు

మన కంటికి 555 నానోమీటర్ల దగ్గర చూపు బాగా పదును. అందుకే ఒకే 5 మిల్లీవాట్లు అయినా 532 గ్రీన్, 650 రెడ్ కంటే దాదాపు 8 రెట్లు ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది. 405 వయొలెట్ మసగ్గా ఉంటుంది కానీ పవర్ తగ్గినట్టు కాదు, మనకి కనబడక ఇంకా మోసపోతాం. నక్షత్రాలు చూపించాలంటే కావాల్సింది సరైన రంగు, ఎక్కువ పవర్ కాదు. మన డెల్టాలో చలికాలం పొలాల మీద మంచు పట్టినప్పుడు 5 మిల్లీవాట్ల గ్రీన్ కిరణం గీసినట్టు కనిపిస్తుంది.

ప్రకాశం బ్యారేజీ లెక్క

కిరణం ఎంత దూరం పోయినా చుక్కలాగే ఉంటుందనేది అపోహ. మామూలు పాయింటర్ కిరణం 1 మిల్లీరేడియన్ చొప్పున విచ్చుకుంటుంది, అంటే కిలోమీటరుకి ఒక మీటరు వెడల్పు. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. ఈ ఒడ్డున వేస్తే అవతలి ఒడ్డుకి 1.2 మీటర్ల పళ్లెం అవుతుంది.

ఇప్పుడు కేసరపల్లి డాబా మీదకి రండి. పక్కనే గన్నవరం ఎయిర్‌పోర్టు. మామూలు మూడు డిగ్రీల వాలులో దిగే విమానం రన్‌వేకి 3 కిలోమీటర్ల దూరంలో సుమారు 160 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మన చుక్క అక్కడికి చేరేసరికి మూడు మీటర్లు, కాక్‌పిట్ అద్దమంతా ఆకుపచ్చ. రాత్రి చీకటికి అలవాటుపడ్డ పైలట్ కళ్లకి ఆ కొన్ని సెకన్లు ఏమీ కనబడకపోవచ్చు. అమెరికాలో ఒక్క 2023లోనే పైలట్లు 13 వేలకు పైగా ఇలాంటి ఘటనలు రిపోర్ట్ చేశారు. మా వాడు ఈ మాట విని కాసేపు మాట్లాడలేదు. మేఘాల మీద వేసి చూశాడట, రెండు రాత్రులు.

సొంతంగా చేయాలనుకుంటే

డీవీడీ రైటర్ డయోడ్ వంద మిల్లీవాట్లు దాటగలదు. టార్చ్ గొట్టంలో పెడితే క్లాస్ రాసి ఉండదు, తాళం ఉండదు, ఫోకస్ చేసేటప్పుడు మొదట ప్రమాదంలో పడేది చేసేవాడి కన్నే. దాని బదులు 1 మిల్లీవాట్ క్లాస్ 2 రెడ్ మాడ్యూల్ తీసుకుని తల వెంట్రుక మందం కొలవండి. వెంట్రుకకి అడ్డంగా కిరణం వేస్తే గోడ మీద వెలుగు, నలుపు గీతలు వస్తాయి. గోడ 2 మీటర్ల దూరంలో ఉండి, ఒక పక్కన వరుస నల్ల గీతల మధ్య 1.9 సెంటీమీటర్లు వస్తే వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి, గీతల మధ్య ఎడంతో భాగిస్తే సరి.

కొనేటప్పుడు

క్లాస్, నానోమీటర్లు, గరిష్ఠ పవర్ మూడూ రాసి ఉండాలి, తయారీదారు పేరుతో సహా.
ప్రెజెంటేషన్‌కి క్లాస్ 2 చాలు. నక్షత్రాలకి 5 మిల్లీవాట్ల లోపు గ్రీన్, ఎయిర్‌పోర్టుకి దూరంగా.
'బర్నింగ్', 'హై పవర్' అని గొప్ప చెప్పుకునే పెన్ను వద్దు.
ఫ్రీగా ఇచ్చే రంగు కళ్లద్దాలు నమ్మొద్దు. అసలు గాగుల్స్ మీద ఏ నానోమీటర్లకి ఎంత ఓడీ అని ఉంటుంది. ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతే లోపలికి వస్తుంది.

మా వాడు ఆ సెట్‌లో బ్యాటరీ తీసేసి, లేజర్‌ని ల్యాబ్‌లోనే సార్‌కి ఇచ్చేశాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు: "అన్నా, నా వెంట్రుక 68 మైక్రాన్లు. మా అమ్మది 61."